ఇటుక కన్నా మెత్తటి మాలు: విక్టోరియా కాలపు ఆమ్స్‌హౌస్ వరస మరమ్మతు డైరీ

పని జరుగుతున్నది దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక చిన్న మార్కెట్ ఊళ్ళో. 1860ల నాటి ఎర్ర ఇటుక ఆమ్స్‌హౌస్ వరస (పేద ముసలివాళ్ళకు దాతలు కట్టించిన ఇళ్ళు), ఆరిళ్ళు, ఒకే కప్పు. పని మూడు ముక్కలు: చెమ్మెక్కిన రెండిళ్ళ కింద మళ్ళీ గాలి ఆడించడం, ముందు గోడలో సిమెంటు పీకి సున్నం మాలుతో పాయింటింగ్ చేయడం (ఇటుకల మధ్య సందులు మళ్ళీ నింపడం), పక్కకు ఒరిగిన ఒక పొగగొట్టాన్ని విప్పి కట్టడం. వరస చట్టం కాపాడే పాత కట్టడాల గ్రేడ్ 2 జాబితాలో ఉంది కాబట్టి పొగగొట్టం విప్పడానికి స్థానిక కౌన్సిల్ అనుమతి ముందే తీసుకున్నారు. ఇళ్ళు ఖాళీ చేయించలేదు. లోపల అందరూ డెబ్బై దాటినవాళ్ళే, అందుకని పరంజా ఒకేసారి రెండిళ్ళకు మించి కట్టకూడదు, ఏ గుమ్మమూ ఒక్క పూట కూడా మూయకూడదు.

ఆమ్స్‌హౌస్‌ను సత్రం అనుకుంటే సగమే సరిపోతుంది. సత్రంలో బాటసారి రెండు పూటలు తలదాచుకుని వెళ్ళిపోతాడు. ఇక్కడికి వచ్చినవాళ్ళు మిగతా జీవితమంతా ఉంటారు. సత్రానికి దగ్గర పోలిక కావాలంటే వించెస్టర్‌లోని సెయింట్ క్రాస్ చూడాలి: 12వ శతాబ్దంలో పెట్టిన ధర్మసంస్థ, దారిన పోతూ అడిగినవాళ్ళకు రొట్టె ముక్క, చిన్న కప్పు బీరు ఇప్పటికీ ఇస్తారు. విక్టోరియా కాలపు ఆమ్స్‌హౌస్‌ల వెనక ఇంకో కారణం ఉంది. 1834 పేదల చట్టం తర్వాత దిక్కులేని ముసలివాళ్ళకు మిగిలింది వర్క్‌హౌస్, అంటే పేదల చేత పని చేయించి తిండి పెట్టే ఆశ్రమం. అక్కడ మొగుణ్ణీ పెళ్ళాన్నీ కూడా వేరు చేసేవాళ్ళు. ‘మర్యాదస్తులైన’ పేదలకు ఆ గతి పట్టకూడదని దాతలు కట్టించినవి ఈ వరసలు. మర్యాద అంటే ఏమిటో తేల్చేది ట్రస్టీలు: ఆ పారిష్‌లో (ఆ చర్చి పరిధిలో) ఇన్నేళ్ళు ఉండాలి, చర్చికి రావాలి, తాగకూడదు. 70 ఏళ్ళు దాటినవాళ్ళకు వారానికి 5 షిల్లింగుల ప్రభుత్వ పింఛను 1909 జనవరిలో గానీ మొదలు కాలేదు.

మార్చి: గోడ చదవడం

ముట్టుకునే ముందు కొలత. ఇటుక 9 అంగుళాల పొడవు, నాలుగుంపావు వెడల్పు, రెండుంముప్పావు మందం. సందుతో కలిపి నాలుగు వరసలకు సరిగ్గా ఒక అడుగు. దక్షిణాది పనికి ఇది మామూలు లెక్క, ఉత్తరాది ఇటుక ఇంకొంచెం లావు. ఇప్పుడు షాపుల్లో దొరికేది 215, 102.5, 65 మి.మీ. ఇటుక. అది ఈ గోడలో పెడితే నాలుగో వరసకే మట్టం తప్పుతుంది.

ఇటుక కొలతలో పన్నుల చరిత్ర కూడా ఉంది. 1784లో వెయ్యి ఇటుకలకు రెండున్నర షిల్లింగుల పన్ను వేశారు. లెక్క ఇటుకల సంఖ్య మీద కాబట్టి కొందరు ఇటుకను పెద్దది చేశారు. దానికి విరుగుడుగా 1803లో 150 ఘనపుటంగుళాలు దాటితే రెట్టింపు వేశారు. 1850లో పన్ను పోయింది, మరుసటేడు కిటికీల పన్నూ పోయింది. అంతకుముందే 1845లో గాజు మీద సుంకం ఎత్తేశారు. 1850ల తర్వాతి ధర్మ వరసల్లో రంగురంగుల ఇటుక పట్టీలు, పెద్ద కిటికీలు ధారాళంగా కనిపించడానికి ఇదో కారణం. ఇంకో కారణం ఫ్యాషన్: లండన్ మార్గరెట్ స్ట్రీట్‌లో వాస్తుశిల్పి విలియం బటర్‌ఫీల్డ్ ఆల్ సెయింట్స్ చర్చిని 1850లలో ఎర్ర ఇటుకకు నల్ల పట్టీలు వేసి కట్టాక, ఇటుకను సున్నం పూతతో దాచాల్సిన పని లేదని అందరికీ ధైర్యం వచ్చింది. ఇక్కడ కిటికీల మీది కమానుల్లో ఒకటి విడిచి ఒకటి స్టాఫర్డ్‌షైర్ నీలం ఇటుక ఉంది. రంగు పైన పూసింది కాదు. ఇనుము ఎక్కువున్న మట్టిని గాలి తగ్గించి కాలిస్తే ఒళ్ళంతా అలా నీలంగా మారుతుంది. నీళ్ళు దాదాపు పీల్చదు.

కట్టు ఫ్లెమిష్: ప్రతి వరసలోనూ ఒక స్ట్రెచర్, పక్కన ఒక హెడర్. పొడవు వైపు కనిపించేది స్ట్రెచర్, తల వైపు కనిపించేది హెడర్. గోడ మందం 9 అంగుళాలు. చెమ్మ పైకెక్కకుండా పునాది మీద వేసే పలక పొర లేదు, ఉండదు కూడా. దాన్ని తప్పనిసరి చేసే నమూనా నిబంధనలు 1877లో వచ్చాయి. నేలకు అడుగున్నర ఎత్తులో 12 మి.మీ. రంధ్రాలు మాత్రం వరసగా ఉన్నాయి. రసాయనం ఎక్కించి చెమ్మ ఆపుతామని ఎప్పుడో ఎవరో చేసిన వైద్యం. చెమ్మ రంధ్రాలకు పైన కూడా అలాగే ఉంది.

నక్షా అంతా చూడగానే అర్థమయ్యేది. ఒక్కో ఇల్లు 15 అడుగుల వెడల్పు, ముందు ఒక గది, వెనక పడకగది, అంట్లు తోముకునే చిన్న గది. మరుగుదొడ్డి ఒకప్పుడు పెరట్లో ఉండేది. రెండేసి గుమ్మాలకు ఒక వసారా. రెండేసి ఇళ్ళ పొయ్యిలు మధ్య గోడకు వీపు వీపు ఆనించి ఉంటాయి, అందుకే ఆరిళ్ళకు మూడే పొగగొట్టాలు. నడుమ ఎత్తైన త్రికోణపు గోడ, దాని మీద దాత పేరున్న బాత్ రాతి ఫలకం, తేదీ. ఆ గోడ వెనక గది ఎవరి కాపురానికీ కాదు, ట్రస్టీల సమావేశాలకు. వరసలో మంచి రాయి, ఖరీదైన పని అంతా అక్కడే పెట్టారు. ఇళ్ళలో ఉండేవాళ్ళకు రోజూ కనిపించే పెరటి గోడకు మాత్రం నాసి ఇటుక. దాతృత్వం వీధి వైపుకు తిరిగి నిలబడుతుందని నక్షాయే చెప్తుంది.

దాతల డబ్బు మూలాలు కూడా రకరకాలు. లండన్ క్లాఫమ్‌లో 1859 నాటి హిబ్బర్ట్ ఆమ్స్‌హౌస్‌లు ఇద్దరు కూతుళ్ళు తండ్రి పేర కట్టించినవి. ఆ వంశం జమైకా చక్కెర వ్యాపారంలో గడించింది. బోర్న్‌విల్‌లో రిచర్డ్ క్యాడ్‌బరీ 1897లో 33 ఇళ్ళు మొదలుపెట్టినప్పుడు, వాటి ఖర్చుకు పక్కనే 38 అద్దె ఇళ్ళు కూడా కట్టించాడు. మన ఊళ్ళలో దేవుడికి మాన్యం రాసినట్టే. లెక్క తెలిసినవాడి పని. అన్నీ ఇటుకవే అనుకోవద్దు, సాల్టెయిర్‌లో ఉన్ని మిల్లు యజమాని టైటస్ సాల్ట్ 1868లో కట్టించిన 45 ఇళ్ళు రాతివి.

ఈ నెలలోనే కప్పు కింద గబ్బిలాల తనిఖీ కూడా అయింది. 1981 చట్టం ప్రకారం వాటి గూడు కదిపితే నేరం. పరంజా కట్టాక గబ్బిలం కనబడితే పని మొత్తం ఆగుతుంది, కనుక ఇది ముందు పని.

ఏప్రిల్: నేల పక్క

రాత్రుళ్ళు 5 డిగ్రీల కిందకు దిగుతున్నాయి, సున్నం పనికి కుదరదు. అందుకని మట్టి పని ముందు.

3, 4 నంబర్ల ఇళ్ళలో ముందు గదుల చెక్క నేల మెత్తబడింది. దూలాల కొసల్లో చెమ్మ మీటరు 24 శాతం చూపింది. 20 దాటితే బూజు పట్టడానికి సిద్ధంగా ఉన్నట్టే. కారణం వెతకడానికి యంత్రాలేమీ అక్కర్లేదు: ముందు బాట మీద తారు మీద తారు వేసుకుంటూ పోతే నేల 200 మి.మీ. లేచింది, గోడ అడుగున గాలి ఇటుకలు (గాలి ఆడటానికి చిల్లులున్న ఇటుకలు) పూడిపోయాయి. చెక్క నేల కింద గాలి ఆడటం ఆగిపోయింది. ఆ రంధ్రాల వైద్యానికి బదులు అప్పుడే ఒక పార పట్టుకుని ఉంటే సరిపోయేది.

గోడ పొడవునా 300 మి.మీ. వెడల్పు కాలవ తవ్వి, నేల మట్టాన్ని గాలి ఇటుకల అడుగుకు 150 మి.మీ. కిందకు దించడం. ఇక్కడ ఒక జాగ్రత్త: పునాది అంటే ఈ వరసలో మెట్లు మెట్లుగా వెడల్పైన నాలుగు ఇటుక వరసలే, వాటి అడుగు నేలకు 450 మి.మీ. లోతులోనే ఉంది. కాలవ ఆ మెట్ల అడుగు దాకా పోతే గోడ కింద మట్టి జారుతుంది. మూడేసి మీటర్ల చొప్పున తవ్వి, 20 మి.మీ. కంకర నింపి, తర్వాతి ముక్కకు పోవాలి. అడుగున చిల్లుల గొట్టం, 100కు 1 వాలు, చివర ఇంటికి దూరంగా ఇంకుడు గుంట. పగిలిన గాలి ఇటుకలకు బదులు 9కి 6 అంగుళాల టెర్రకోటవి, ఇంటికి ముందు రెండు, వెనక రెండు. ముందొక్క వైపే పెడితే గాలి లోపలికి పోదు. దూలాల్లో రెండింటి కొసలు మాత్రమే కోసి కొత్త చెక్క అతికారు.

మే: మాలు పరీక్ష, గీకుడు

ముందు గోడ సమస్య చేతికి తెలుస్తుంది. ఇటుక ముఖం మీద వేలితో కొడితే డొల్లగా మోగుతుంది, గోరు పెడితే బిస్కెట్ పొరలా ఊడొస్తుంది. చుట్టూ సిమెంటు సందులు మాత్రం చెక్కుచెదరకుండా ముందుకు పొడుచుకుని నిలబడ్డాయి. తేనెపట్టులో తేనె పోయి గదులు మిగిలినట్టు ఉంది గోడ. ఊడిన పొర వెనక తెల్లటి చౌడు.

జరిగింది ఇది. తొమ్మిదంగుళాల గోడలో వాన నీరు లోపలికి పోవడం మామూలే, అది మళ్ళీ బయటికి రావాలి. సున్నం మాలు ఇటుక కన్నా మెత్తన, దాని సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతుంది. ఉప్పులు మాలులోనే గట్టిపడి మాలునే తింటాయి. అరవై డెబ్బై ఏళ్ళకు మాలు గీకి కొత్తది పెడతారు. ఇటుకకు ఏమీ కాదు. సందును సిమెంటుతో మూస్తే నీటికి మిగిలే దారి ఇటుక ముఖమే. ఉప్పు అక్కడే పేరుకుంటుంది, చలికాలంలో నీరు అక్కడే గడ్డకడుతుంది, ముఖం ఊడుతుంది. సిమెంటు బలం ఇక్కడ గుణం కాదు.

పాత మాలు ఏమిటో తెలియాలంటే సిమెంటు వెనక లోతులోంచి 100 గ్రాముల ముద్ద తీసి పొడి చేసి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయాలి. సున్నం బుసబుసమని కరుగుతుంది, ఇసుక మిగులుతుంది. ఆరబెట్టి తూస్తే 78 గ్రాములు. కరిగిన 22 గ్రాముల సున్నపురాయిని తడి తగిలిన పొడి సున్నంగా మార్చి లెక్కేస్తే 16 గ్రాములు, ఘనపరిమాణంలో దాదాపు 28 మి.లీ. ఇసుక 52 మి.లీ. అంటే ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళ లోపే ఇసుక.

పాత పత్రాల్లో ‘ఒకటికి మూడు’ అని ఉంటుంది, చాలామంది పొరపడేది అక్కడే. ఆ ‘ఒకటి’ కాల్చిన రాతి సున్నం. నీళ్ళు పోస్తే అది ఉడికి ఉబ్బి రెట్టింపవుతుంది. కాబట్టి గోడలోకి చేరేసరికి ఒకటికి ఒకటిన్నర, రెండు. ఇవాళ డబ్బాలో వచ్చే నానిన సున్నం ముద్దకు మూడు పాళ్ళ ఇసుక కలిపితే మాలు పేలవంగా, తాపీకి అంటకుండా వస్తుంది. ఈ పనికి ఒకటికి రెండు ఖాయం చేశాం. ఇసుక పదునైనది, 3 మి.మీ. నుంచి దుమ్ము దాకా అన్ని సైజులూ ఉన్నది. ప్లాస్టరింగుకు వాడే మెత్తటి ఇసుక అయితే నెర్రెలు ఖాయం. త్వరగా పట్టు దొరకడానికి మాలులో ఇరవయ్యో వంతు మెత్తగా దంచిన ఇటుక పొడి. మన సుర్కీయే.

ఎంత కావాలి? ఫ్లెమిష్ కట్టులో చదరపు మీటరుకు 74 ఇటుక ముఖాలు, సందుల మొత్తం పొడవు సుమారు 18 మీటర్లు. సందు 8 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. లోతు అనుకుంటే చదరపు మీటరుకు 3.6 లీటర్ల మాలు. గుమ్మాలు, కిటికీలు తీసేస్తే గోడ 84 చదరపు మీటర్లు, అంటే 302 లీటర్లు. రాలేది, పారబోసేది కలిపి 390 లీటర్లకు సిద్ధపడాలి: 360 లీటర్ల ఇసుక, 180 లీటర్ల సున్నం ముద్ద. సున్నం ఎక్కువ భాగం ఇసుక సందుల్లోకే పోతుంది, అందుకే కూడిక సరిపోదు.

గీకడం విషయంలో రాజీ లేదు. నిలువు సందుల్లో గ్రైండర్ పెట్టకూడదు. రెండుంముప్పావు అంగుళాల సందు చివర చక్రం ఆగదు, పైనున్న ఇటుకనూ కిందున్న ఇటుకనూ కోస్తుంది. అలాంటి కోతలు వందేళ్ళయినా కనిపిస్తాయి. అడ్డ సందుల్లో సన్నటి బిళ్ళతో నడిమధ్య ఒక్క గీత, దాంతో సిమెంటు బిగువు వదులుతుంది, మిగతాది సన్న ఉలితో. నిలువు వాటికి ఉలి, సుత్తి మాత్రమే. లోతు సందు వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండాలి, ఇక్కడ 25 మి.మీ. ఒక మనిషికి రోజుకు రెండు చదరపు మీటర్లు వస్తే మంచి పనే.

జూన్, జూలై: పాయింటింగ్, ఒక ఉబ్బు

మాలు కలపడానికి మామూలు డ్రమ్ము మిక్సర్ పనికిరాదు, ఉండలు కడుతుంది. రుబ్బినట్టు కలిపే పళ్ళెం మిక్సర్‌లో 20 నిమిషాలు. మొదట పొడిగా ఉందనిపిస్తుంది, నీళ్ళు పోయాలని చెయ్యి లాగుతుంది. పోయకూడదు. నలిగేకొద్దీ సున్నమే జారుతుంది. హైదరాబాద్ పాత కట్టడాల మరమ్మతుల్లో డంగు సున్నాన్ని గానుగలో అంతసేపు తిప్పేదీ ఇందుకే.

ముందు రోజు సాయంత్రం గోడ తడపాలి, పని ముందు మళ్ళీ. ఇటుక తడిగా ఉండాలి, నీరు మెరవకూడదు. తాపీతో కాకుండా సందులో పట్టే సన్నటి ఇనుప పట్టీతో మాలు లోపలికి నొక్కాలి. 15 మి.మీ. మించకుండా రెండు విడతలు. అంచులు అరిగిన ఇటుకల దగ్గర సందును ముఖం దాకా నింపితే వెడల్పుగా పూసినట్టు అసహ్యంగా ఉంటుంది. కొంచెం లోపలే ఆపాలి. వేలి ముద్ర పడనంత బిగిశాక గట్టి కుంచెతో కొట్టాలి, రుద్దకూడదు. కొట్టుడుకు పైనున్న సున్నం పొర పోయి ఇసుక రేణువులు తేలుతాయి, చిన్న నెర్రెలు మూసుకుంటాయి. ఆ తర్వాత తడి గోనె పట్టాలు, కనీసం వారం రోజులు, రోజుకు మూడుసార్లు నీటి తుంపర.

జూన్ మూడో వారంలో 5, 6 నంబర్ల మధ్య ఆరు చదరపు మీటర్లు పోయాయి. శని, ఆదివారాల్లో గాలికి పట్టాలు ఎగిరి గోడ ఎండింది. సోమవారం సందు పైకి గట్టిగానే ఉంది, గోరుతో గీకితే లోపల పిండి. ఒక ముక్క విరిచి ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే అంచు మూడు మి.మీ. మామూలు రంగులో ఉండి, లోపలంతా ముదురు గులాబీ అయింది. గులాబీ అంటే సున్నం ఇంకా రాయిగా మారలేదని. అలా మారడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఎంత అవసరమో, అది కరగడానికి కాస్త చెమ్మా అంతే అవసరం. చెమ్మ ఆరిపోతే మార్పు ఆగిపోతుంది, ఇసుకలో సున్నం పొడిగా ఉండిపోతుంది. మొత్తం గీకి మళ్ళీ పెట్టాం. పట్టాలను ఇప్పుడు పరంజాకు పైనా కిందా తాడుతో కుడుతున్నాం.

4వ నంబరు కిటికీ పక్కన ఒకటిన్నర చదరపు మీటర్ల మేర గోడ ముఖం 25 మి.మీ. బయటికి ఉబ్బింది. విప్పాక గుట్టు బయటపడింది. ముందు కనిపించే మంచి ఇటుక ఖరీదు కాబట్టి, హెడర్ ఉండాల్సిన చోట ఇటుకను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో హెడర్‌గా పెట్టారు. బయటికి ఫ్లెమిష్ కట్టు, నిజానికి వెనక నాసి గోడకు ముందు పొర అంటుకోనే లేదు. ఆ మేరలో 55 హెడర్లు, వాటిలో లోపలి దాకా వెళ్ళినవి తొమ్మిది. విక్టోరియా కాలపు గుత్తేదార్లు చేసిన మోసాల్లో ఇదొకటి. ఊడిన ఇటుకల్లో ముఖం బాగున్నవాటిని తిరగేసి వాడి, 46 నిండు ఇటుకలు పాత అంగుళాల కొలతలో చేత్తో పోసినవి తెప్పించి, హెడర్లన్నీ గోడ లోపలి సగంలోకి పోయేలా కట్టాం.

ఆగస్టు: పొగగొట్టం

నడిమి పొగగొట్టం కప్పు మీద 2.1 మీటర్ల ఎత్తు. తూకం గుండు వేస్తే 65 మి.మీ. ఈశాన్యానికి ఒరిగింది. నైరుతి నుంచి వాన కొడుతుంది, ఆ వైపు మాలు ఎప్పుడూ తడి. బొగ్గు పొగలోని గంధకం ఆ తడిలో సల్ఫేట్లుగా మారి, ఎప్పుడో పెట్టిన సిమెంటుతో కలిసి ఉబ్బుతుంది. తడి వైపు ఎత్తు పెరుగుతుంది, గొట్టం పొడి వైపుకు వంగుతుంది. ఒక్క వరస పైకి సిమెంటు పూసి ఆపాలనుకుంటే ఉబ్బు ఇంకా పెరుగుతుంది. విప్పాల్సిందే.

నాలుగు గొట్టాలు ఒక వరసలో. బయటి కొలత పొడవు 58.5 అంగుళాలు, వెడల్పు 18, లోపల తొమ్మిదేసి అంగుళాల నాలుగు చదరాలు. వరసకు 18 ఇటుకలు, 28 వరసలకు 504, పైన బయటికి తేలే మూడు వరసలకు అదనం. విప్పేటప్పుడు ప్రతి నాలుగో వరసకు ఫొటో, అలంకారపు ఇటుకలకు సుద్దతో నంబరు. మసి ఎక్కిన ఇటుకలు మళ్ళీ ముఖానికి పెట్టకూడదు, కొత్త మాలులోంచి గోధుమ మరకలు బయటికి వస్తాయి. వాటిని లోపలి అడ్డుగోడలకు వాడాం. ఇక్కడ ఎండ, వాన, మంచు మూడూ ఎక్కువ, కాబట్టి సున్నం ముద్ద కాదు, తడిలోనూ గట్టిపడే సహజ సున్నం 3.5 గ్రేడు, ఒకటికి రెండున్నర ఇసుక. వాడని మూడు గొట్టాలకు వాన పడని మట్టి టోపీలు, కింద పొయ్యి మూసిన పలకలో గాలి జాలీ. రెండూ లేకుండా మూసేస్తే గొట్టంలో చెమ్మ చేరి పడకగది గోడ మీద గోధుమ మచ్చ దిగుతుంది.

సెప్టెంబరు

ఫలకం మీద అక్షరాలు మెత్తబడ్డాయి, రాయి నల్లటి పొర కట్టింది. పొర కింద రాయి పొడి. గట్టి కుంచె, నీటి జెట్ రెండూ వద్దని తేల్చాం. సన్నటి తుంపరతో రోజుకు గంట చొప్పున మూడు రోజులు నానబెట్టి, మెత్తటి కుంచెతో తుడిచాం. అక్షరాలు మళ్ళీ చెక్కలేదు.

3, 4 ఇళ్ళ దూలాలు 17 శాతానికి దిగాయి. చలికాలం మీటరు ఎంత చూపుతుందో డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి చూడాలి. పెరటి గోడ, మిగతా రెండు పొగగొట్టాలు వచ్చే మే నెలకు. ఈ సెప్టెంబరు ఆఖరు తర్వాత బయట సున్నం పని లేదు, మంచు పడే లోపు మాలుకు కనీసం రెండు నెలల గడువు కావాలి.

వాడిన ఇసుక రెండు కిలోలు, ఇటుక పొడి ఒక సీసా, మాలు పాళ్ళు రాసిన కాగితం, పాత మాలు ముక్క ఒకటి కలిపి డబ్బాలో పెట్టి ట్రస్టీల గది బీరువాలో కింది అరలో ఉంచాం. డబ్బా మీద గోడ నక్షా అతికించి, ఆ ఆరు చదరపు మీటర్ల ముక్కను ఎర్ర పెన్సిలుతో చుట్టాం. ముందు చూడాల్సింది అక్కడే.